రాజీనామా 13న, నోటిఫికేషన్ 25న: ప్రధాని కుర్చీని కుదిపేసిన ఒక ఉద్యోగి రూలు

ముందుగా ఒక చిన్న ప్రశ్న. ఈ ఎపిసోడ్ చూస్తున్న వాళ్ళలో చాలామంది గ్రూప్స్‌కో, డీఎస్సీకో ప్రిపేర్ అవుతూ ఉంటారు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లోనో, అవనిగడ్డలోనో రూమ్ తీసుకుని చదువుతూ ఉంటారు. రేపు మీకు ఉద్యోగం వచ్చింది అనుకుందాం. ఎన్నికలు వచ్చాయి. మీ బైక్ మీద మీకు నచ్చిన పార్టీ గుర్తు అంటించుకోవచ్చా? కుదరదు. ఇంటి గోడ మీద? అదీ కుదరదు. ఓటు వేయొచ్చా? హాయిగా వేయొచ్చు, అది మీ హక్కు. మరి ఎవరికి వేశారో చెప్పొచ్చా? ఆ సూచన కూడా ఇవ్వకూడదు.

ఇవన్నీ నేను కల్పించి చెప్తున్నవి కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి అని ఒకటి ఉంది, 1964లో వచ్చింది. అందులో 5వ రూలు ఇదే చెప్తుంది. ఏ రాజకీయ పార్టీలోనూ సభ్యుడిగా ఉండకూడదు, ఎన్నికల్లో ప్రచారం చేయకూడదు, తన పలుకుబడి వాడకూడదు. ఒంటి మీద గానీ, బండి మీద గానీ, ఇంటి మీద గానీ ఎన్నికల గుర్తు పెట్టుకుంటే అది కూడా పలుకుబడి వాడినట్టే లెక్క. మన తెలుగు రాష్ట్రాల ఉద్యోగులకు కూడా ఇలాంటి నియమాలే ఉన్నాయి.

వినగానే ఏమనిపిస్తుంది? "స్టిక్కర్‌కి కూడా రూలా? మరీ ఇంత చాదస్తమా?" అనిపిస్తుంది. సరే, అలాగే అనుకుందాం. ఇప్పుడు ఇలాంటి 'చాదస్తం' రూలు ఒకటి 1975లో ఈ దేశ ప్రధానమంత్రి ఎన్నికనే ఎలా రద్దు చేసిందో చూద్దాం. ఆ తర్వాత ఆ రూలుకి ఏం జరిగిందో కూడా చూద్దాం. అసలు కథ అక్కడే ఉంది.

1970 డిసెంబర్ 27. లోక్‌సభ రద్దయింది. గడువు కంటే ఏడాది ముందే ఎన్నికలు. రెండు రోజుల తర్వాత, డిసెంబర్ 29న, ఢిల్లీలో ప్రధాని ఇందిరా గాంధీ ప్రెస్ మీట్ పెట్టారు. ఒక విలేకరి అడిగాడు: మీరు రాయ్‌బరేలీ వదిలేసి గుర్‌గావ్ నుంచి పోటీ చేస్తారట, నిజమేనా? లేదు అని ఆమె జవాబు. ఆ చిన్న జవాబును గుర్తుపెట్టుకోండి. తర్వాత కోర్టులో దాని బరువు చాలా పెరిగింది.

ఆ సమయంలో ప్రధాని కార్యాలయంలో యశ్‌పాల్ కపూర్ అనే అధికారి ఉండేవారు. ఆఫీసర్ ఆన్ స్పెషల్ డ్యూటీ. గెజిటెడ్ అధికారి, అంటే జీతం ప్రభుత్వానిది. ఆయన 1971 జనవరి 13న రాజీనామా ఇచ్చారు. ప్రధాని కార్యదర్శి పి.ఎన్. హక్సర్ నోటిమాటగా సరే అన్నారు. కాగితం మీద నోటిఫికేషన్ మాత్రం జనవరి 25న తయారైంది. అందులో ఏముందంటే, రాజీనామా జనవరి 14 నుంచే అమల్లోకి వచ్చినట్టు. ఫిబ్రవరి 1న ఇందిరా గాంధీ రాయ్‌బరేలీలో నామినేషన్ వేశారు. ఆమె ఎన్నికల ఏజెంట్ ఎవరు? యశ్‌పాల్ కపూరే.

మార్చిలో ఫలితాలు వచ్చాయి. ఇందిరా గాంధీకి 1,83,309 ఓట్లు. ఆమె మీద పోటీ చేసిన సోషలిస్టు నాయకుడు రాజ్ నారాయణ్‌కి 71,499 ఓట్లు. తేడా లక్షా 11 వేల పైచిలుకు. ఇంత తేడాతో ఓడినవాళ్ళు మామూలుగా ఏం చేస్తారు? ఇంటికెళ్ళి పడుకుంటారు. రాజ్ నారాయణ్ మాత్రం అలహాబాద్ హైకోర్టుకి వెళ్ళారు. ఆయన తరఫు లాయర్ శాంతి భూషణ్.

ఇక్కడ ఒక విషయం క్లియర్‌గా చెప్పుకోవాలి. ఉద్యోగి రాజకీయం చేస్తే శాఖాపరంగా ఉద్యోగి మీద చర్య ఉంటుంది, అది ప్రవర్తనా నియమావళి పని. కానీ దాని పక్కనే ఇంకో చట్టం ఉంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం, సెక్షన్ 123, ఏడో క్లాజు. అది ఉద్యోగిని కాదు, అభ్యర్థిని పట్టుకుంటుంది. గెజిటెడ్ అధికారి, పోలీసు, సైనికుడు, ఇలాంటి వాళ్ళ నుంచి ఎన్నికల్లో గెలుపు కోసం సాయం పొందితే, ఆ అభ్యర్థి ఎన్నికే పోతుంది. అంటే తాళం రెండు వైపులా వేశారన్నమాట. ఉద్యోగి వెళ్ళకూడదు, అభ్యర్థి పిలవకూడదు.

ఎందుకు ఇంత కట్టుదిట్టం? ఆలోచించండి. ఎన్నికల్లో ఇద్దరు పోటీ చేస్తున్నారు. ఒకరు అధికారంలో ఉన్నారు, ఒకరు లేరు. డబ్బు ఇద్దరికీ ఉండొచ్చు, కార్యకర్తలు ఇద్దరికీ ఉండొచ్చు. కలెక్టర్, ఎస్పీ, ఇంజనీరు మాత్రం ఒకరి మాటే వింటారు. ఆ ఒక్క తేడాని తగ్గించడానికి పెట్టిన కంచె ఇది. ఈ కంచె తీసేస్తే ప్రతిపక్షం పోటీ చేసేది ఎదుటి పార్టీతో కాదు, ప్రభుత్వంతో.

సరే, కోర్టుకి వద్దాం. కేసు నాలుగేళ్ళు సాగింది. 1975 మార్చిలో ఇందిరా గాంధీ స్వయంగా అలహాబాద్ వచ్చి సాక్ష్యం చెప్పారు. పదవిలో ఉన్న ప్రధాని కోర్టు బోనుకు రావడం అదే మొదటిసారి. జస్టిస్ జగ్‌మోహన్ లాల్ సిన్హా ముందే ఒక మాట చెప్పి పెట్టారు: కోర్టులో జనం లేచి నిలబడేది జడ్జి వచ్చినప్పుడు మాత్రమే. ఆమె కూర్చోవడానికి కుర్చీ వేయించారు, మర్యాదకి లోటు చేయలేదు. కానీ హాల్లో అందరికంటే పెద్దది ఎవరి కుర్చీ అన్నదాంట్లో అనుమానం ఉంచలేదు.

ఆమె వాదన ఏంటి? నేను రాయ్‌బరేలీ నుంచి పోటీ చేయాలని ఫిబ్రవరి 1న నిర్ణయించుకున్నాను, అప్పటికి కపూర్ ఉద్యోగి కాదు. అంతే.

1975 జూన్ 12. కోర్టు హాలు నంబర్ 24. జస్టిస్ సిన్హా తీర్పు చదివారు. రాజ్ నారాయణ్ చేసిన ఆరోపణల్లో చాలావాటిని ఆయన కొట్టేశారు. దుప్పట్లు పంచారన్నది నిలబడలేదు. ఆవు–దూడ గుర్తు మతపరమైనదన్నది నిలబడలేదు. 35 వేల రూపాయల ఖర్చు పరిమితి దాటారన్నది నిలబడలేదు. అవును, అప్పట్లో అక్కడ లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 35 వేలే.

నిలబడినవి రెండే. ఆ రెండూ ప్రభుత్వ ఉద్యోగుల గురించే.

మొదటిది యశ్‌పాల్ కపూర్. డిసెంబర్ 29న ప్రెస్ మీట్‌లో ఆ జవాబు ఇచ్చినప్పుడే ఆమె తనను రాయ్‌బరేలీ అభ్యర్థిగా చెప్పుకున్నట్టు అని కోర్టు తేల్చింది. కపూర్ రాజీనామా నోటిమాటతో అయిపోదు, జనవరి 25 వరకు ఆయన ప్రభుత్వ ఉద్యోగే అని చెప్పింది. ఆ మధ్యలో ఆయన నియోజకవర్గంలో ఆమె కోసం పని చేశారు. కాబట్టి తప్పే.

రెండోది ఉత్తరప్రదేశ్ అధికారులు. జిల్లా మేజిస్ట్రేట్, ఎస్పీ, పీడబ్ల్యూడీ ఇంజనీరు, కరెంటు శాఖ ఇంజనీరు. ఆమె ఎన్నికల సభలకు వేదికలు కట్టించారు, మైకులకు కరెంటు ఏర్పాటు చేశారు. అదీ తప్పే.

ఎన్నిక రద్దు. ఆరేళ్ళు పోటీకి అనర్హత. అప్పీలు చేసుకోవడానికి 20 రోజులు స్టే.

అప్పట్లో చాలామంది ఏమన్నారంటే, ఇది ట్రాఫిక్ చలానాకి ప్రధానిని దింపేసినట్టుంది అని. లక్ష ఓట్ల మెజారిటీ ఎక్కడ, పన్నెండు రోజుల కాగితం పని ఎక్కడ? ఈ వాదనలో కొంత బలం ఉంది, లేదని నేను అనను. ముఖ్యంగా రెండో విషయంలో. ప్రధానికి భద్రత కావాలి. వేదిక ఎంత ఎత్తుండాలి, జనం ఎంత దూరంలో ఉండాలి అన్నది పోలీసులు చూసుకోవాల్సిందే కదా. అది ప్రచారానికి సాయమా, డ్యూటీనా? నిజంగా కష్టమైన ప్రశ్న.

కానీ మొదటి విషయం అలా కాదు. కపూర్ ఎవరో మారుమూల ఆఫీసులో గుమాస్తా కాదు. ప్రధాని ఆఫీసులో పనిచేసిన మనిషి. ఆ మనిషి జిల్లాకి వెళ్తే అక్కడి కలెక్టర్‌కి ఏమని అర్థమవుతుంది? ఒక సామాన్య కార్యకర్త వచ్చాడని అర్థమవుతుందా? ఢిల్లీ వచ్చిందని అర్థమవుతుంది. రూలు ఆపాలనుకున్నది సరిగ్గా దాన్నే.

ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. జూన్ 24న సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ షరతులతో స్టే ఇచ్చారు. ప్రధానిగా ఉండొచ్చు, లోక్‌సభలో ఓటు మాత్రం వేయకూడదు. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ. నాయకులు జైళ్ళకి వెళ్ళారు, అందులో కేసు గెలిచిన రాజ్ నారాయణ్ కూడా ఉన్నారు. ఎమర్జెన్సీకి ఈ తీర్పు ఒక్కటే కారణం అనడం సరికాదు. ధరలు, గుజరాత్, బీహార్ ఆందోళనలు, జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమం, అన్నీ ఉన్నాయి. కానీ ఈ తీర్పు లేకుండా ఆ రెండు వారాలను అర్థం చేసుకోలేం.

ఇక్కడి దాకా పుస్తకాల్లో ఉంటుంది. తర్వాత రూలుకి ఏం జరిగిందన్నది చాలామంది వదిలేస్తారు. జాగ్రత్తగా వినండి.

1975 ఆగస్టు. ప్రతిపక్షం జైల్లో ఉంది. పార్లమెంటు ఎన్నికల చట్టాన్ని సవరించింది. మూడు మార్పులు చూద్దాం.

ఒకటి. 'అభ్యర్థి' అంటే ఎవరు? పాత చట్టంలో, ఎన్నికలు దగ్గరపడ్డాక నేను పోటీ చేస్తున్నానని ఎప్పుడు చెప్పుకుంటే అప్పటి నుంచి అభ్యర్థే. కొత్త చట్టంలో, నామినేషన్ వేస్తేనే అభ్యర్థి. ఇందిరా గాంధీ నామినేషన్ ఫిబ్రవరి 1న. అంటే డిసెంబర్ 29 ప్రెస్ మీట్, జనవరి నెల మొత్తం లెక్కలోంచి పోయాయి.

రెండు. ఉద్యోగి రాజీనామా ఎప్పటి నుంచి అమలు? గెజిట్‌లో ఏ తేదీ రాస్తే అదే తిరుగులేని సాక్ష్యం. కపూర్ నోటిఫికేషన్‌లో ఏ తేదీ ఉంది? జనవరి 14.

మూడు. అధికారులు డ్యూటీలో భాగంగా అభ్యర్థికి ఏర్పాట్లు చేస్తే అది సాయం కిందికి రాదు. అంటే వేదికలు, మైకులు కూడా పోయాయి.

చూశారా? తీర్పులో ఎన్ని మేకులున్నాయో, ఒక్కో మేకుకీ ఒక్కో సుత్తి. పైగా ఈ మార్పులు వెనక్కి వర్తిస్తాయని రాశారు, అంటే 1971 ఎన్నికకి కూడా. ఇది చాలదన్నట్టు 39వ రాజ్యాంగ సవరణ తెచ్చారు. ప్రధాని, స్పీకర్ ఎన్నికల మీద కోర్టులకి అధికారం లేదని. దానికి ఆమోదముద్ర పడింది ఆగస్టు 10న. సుప్రీంకోర్టులో కేసు విచారణ ఆగస్టు 11న.

క్రికెట్ భాషలో చెప్పాలంటే, థర్డ్ అంపైర్ ఔట్ ఇచ్చేశాడు. బ్యాట్స్‌మన్ రివ్యూ అడిగాడు. రివ్యూ చూసేలోపు క్రీజు గీతను బ్యాట్స్‌మన్ కాలి వెనక్కి జరిపేశారు.

నవంబర్ 7న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచి తీర్పు చెప్పింది. 39వ సవరణలో, ఈ ఎన్నిక కోర్టు పరిధిలో లేదు అనే భాగాన్ని కొట్టేసింది. అది గొప్ప తీర్పు, ఇప్పటికీ చదువుతారు. కానీ ఎన్నికల చట్టానికి చేసిన మార్పులను మాత్రం ఒప్పుకుంది. మారిన చట్టం ప్రకారం చూస్తే తప్పు ఏమీ మిగల్లేదు. ఇందిరా గాంధీ ఎన్నిక చెల్లుతుందని తేలింది.

నా మాట ఏంటంటే, రూలు మార్చడం తప్పు కాదు. ప్రధాని భద్రత ఏర్పాట్ల మీద అస్పష్టత ఉంటే స్పష్టం చేయొచ్చు. కానీ ఆట అయిపోయాక, ఔటైన మనిషే కూర్చుని, ఎదుటి జట్టు జైల్లో ఉండగా మార్చడం, అదీ తప్పు. ఇంకో విషయం చెప్పనా? 1977లో జనతా ప్రభుత్వం వచ్చింది. అదే రాయ్‌బరేలీలో రాజ్ నారాయణ్ ఇందిరా గాంధీని 55,202 ఓట్ల తేడాతో ఓడించారు. ఎమర్జెన్సీ నాటి చాలా సవరణలను వాళ్ళు తీసేశారు. ఈ మూడు మార్పులు మాత్రం ఈ రోజుకీ చట్టంలోనే ఉన్నాయి. ఎందుకుంటాయి అంటారా? అధికారంలో ఎవరున్నా వాళ్ళకి పనికొచ్చే మార్పులు అవి.

ఇప్పుడు నాణేనికి రెండో వైపు చూద్దాం. ఈ రూలు పాలకుల చేతిలో కొరడా కూడా అవుతుంది. మధ్యప్రదేశ్‌లో ఒక మున్సిపల్ స్కూలుని ప్రభుత్వం తీసుకుంది. అందులో ఒక టీచరు. ఉద్యోగంలోకి రాకముందు ఆయన ఆర్ఎస్ఎస్, జన్‌సంఘ్ కార్యక్రమాల్లో పాల్గొన్నారని పోలీసు రిపోర్టు వచ్చింది. ఉద్యోగం తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1983లో తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఉద్యోగంలో చేరకముందు ఒకప్పుడు రాజకీయాల్లో తిరిగాడన్న కారణంతో మనిషిని బయటికి పంపడం రాజ్యాంగానికి విరుద్ధం అన్నారు. కాలేజీలో స్టూడెంట్ యూనియన్‌లో తిరిగినవాళ్ళు ఈ తీర్పుని గుర్తుపెట్టుకోండి.

ఇంకో ప్రశ్న. ఏది రాజకీయ సంస్థ, ఏది కాదు? కేంద్రంలో అది తేల్చేది కూడా ప్రభుత్వమే. కేంద్ర ఉద్యోగులు ఆర్ఎస్ఎస్, జమాతే ఇస్లామీ కార్యక్రమాల్లో పాల్గొనకూడదని 1966లో ఉత్తర్వు వచ్చింది. 2024 జూలైలో అందులోంచి ఆర్ఎస్ఎస్ పేరు తీసేశారు. మొదట పెట్టింది సరైనదా, తర్వాత తీసింది సరైనదా అని మీరు వాదించుకోవచ్చు. నేను చెప్పేది ఒక్కటే, అంపైర్ కూడా ఆటగాడే అయినప్పుడు గీతలు ఇలాగే జరుగుతూ ఉంటాయి.

మన దగ్గరకి వస్తే, 2011లో తెలంగాణ సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. 2013లో సీమాంధ్రలో సమైక్యాంధ్ర కోసం ఏపీఎన్జీవోలు సమ్మె చేశారు. అది రాజకీయమా, కాదా? రూలు పుస్తకం ఒకటి చెప్తుంది, ఆ రోజు వీధుల్లో ఉన్న జనం ఇంకోటి చెప్తారు. ఆ ఉద్యోగ సంఘాల నాయకులు కొందరు తర్వాత చట్టసభలకి వెళ్ళారు. తెలంగాణ నుంచి స్వామిగౌడ్ శాసనమండలి చైర్మన్ అయ్యారు, ఆంధ్రప్రదేశ్ నుంచి అశోక్‌బాబు ఎమ్మెల్సీ అయ్యారు. రూలు గట్టిగా ఉన్నా, జనం ఒక వైపు కదిలినప్పుడు ఉద్యోగి కూడా మనిషే, అతనికీ ఒక ఊరు ఉంటుంది అన్నది నిజం.

చివరిగా పైరవీ. ఇది మనందరికీ తెలిసిన మాటే. ట్రాన్స్‌ఫర్ కావాలి, ఎమ్మెల్యే దగ్గరికెళ్ళి సిఫార్సు లెటర్ తెచ్చుకోవడం. అదే కేంద్ర నియమావళిలో 20వ రూలు చూడండి. తన ఉద్యోగ విషయాల్లో పై అధికారి మీద రాజకీయ ఒత్తిడి గానీ, బయటి ఒత్తిడి గానీ తేకూడదు. రూలు ఉంది, లెటర్లూ ఉన్నాయి. మరి దీనికీ మన కథకీ సంబంధం ఏంటి? చాలా ఉంది. ఈ రోజు లెటర్ ఇచ్చిన నాయకుడు రేపు ఎన్నికలప్పుడు ఊరికే ఉంటాడా? బాకీ అడుగుతాడు. పైరవీతో వచ్చిన పోస్టింగ్‌కి వడ్డీ ఎన్నికలప్పుడు కట్టాలి.

దీని మీద 83 మంది రిటైర్డ్ అధికారులు సుప్రీంకోర్టుకి వెళ్ళారు, టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసు. 2013 అక్టోబర్ 31న కోర్టు చెప్పింది ఏంటంటే, నోటిమాట ఆదేశాలను కాగితం మీద రాసుకోండి, బదిలీలను సివిల్ సర్వీసెస్ బోర్డులు చూడాలి, ఒక పోస్టులో కనీస కాలం ఉండాలి. గమనించారా? 1971లో కథ మొదలైంది నోటిమాటతోనే. హక్సర్ నోటితో సరే అన్నారు, కాగితం పన్నెండు రోజుల తర్వాత వచ్చింది. నలభై ఏళ్ళ తర్వాత కూడా కోర్టు అదే చెప్తోంది: నోటిమాట వద్దు, రాసిపెట్టు.

కాబట్టి ఆ బైక్ స్టిక్కర్ దగ్గరికి మళ్ళీ వద్దాం. 1964లో వాట్సాప్ లేదు, స్టేటస్ లేదు. కానీ బండి మీద గుర్తు వద్దంటే డీపీలో పార్టీ జెండా ఎందుకు వద్దో మీకే అర్థమవుతుంది. మీరు ఎమ్మార్వో ఆఫీసులో కూర్చున్నారు. ఎదురుగా ఒక రైతు పాస్‌బుక్ కోసం వచ్చి నిలబడ్డాడు. అతను వేరే పార్టీకి ఓటేశాడు. మీ బండి మీద ఈ పార్టీ గుర్తు చూశాడు. ఇక తన పని అవుతుందని అతను నమ్ముతాడా? మీరు ఎంత నిజాయితీగా పని చేసినా, అతనికి భయం అలాగే ఉంటుంది. ఆ రూలు పెట్టింది మీ నోరు కట్టేయడానికి మాత్రమే కాదు, ఆ రైతు భయం లేకుండా మీ టేబుల్ ముందుకి రావడానికి.

ఉద్యోగం వచ్చిన రోజు ఈ కథ గుర్తుపెట్టుకోండి. రాని వాళ్ళు కూడా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ టేబుల్‌కి అవతల నిలబడేది మనమే. మీ ఇంట్లో ఎన్నికల డ్యూటీ చేసిన టీచర్లో, ఉద్యోగులో ఉంటే వాళ్ళ అనుభవం అడిగి చూడండి, పుస్తకాల్లో లేని విషయాలు తెలుస్తాయి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.